గుల్ల సున్నం రోజులు

శాంథోం చర్చి చూడ్డానికి వచ్చేవాళ్లలో సగం మంది ఈ మధ్య చర్చికి వీపు పెట్టి నిలబడుతున్నారు. చేతిలో ఫోను, ఫోనులో వాళ్ల మొహం, మొహం వెనకాల ఓ మూల ఎక్కడో తెల్లటి గోడ. నాలుగు ఫొటోలు దిగి, జుట్టు సర్దుకుని ఇంకో నాలుగు దిగి, ఆటో పిలుచుకుని చక్కా పోతారు. మొన్న ఒక కుర్రాణ్ణి ఆపి, ఏం చూశావు బాబూ అని అడిగాను. "సూపర్‌గా ఉంది అంకుల్, ఫుల్ ఫారిన్ లుక్" అన్నాడు. మద్రాసు ఎండకి ఎండి, మద్రాసు ఉప్పుగాలికి తడిసి, నూట ముప్ఫై ఏళ్లుగా నిలబడ్డ గోడకి ఫారిన్ లుక్కట! గీత గీసినవాడు దొరే కావచ్చు, ఇటుక మీద ఇటుక పేర్చింది మాత్రం ఈ ఊరి కూలిజనమే.

మా రోజుల్లో ఫొటో అంటే పెళ్లికో చావుకో. అందుకని ఏదైనా చూడాలంటే కళ్లతోనే చూడాల్సి వచ్చేది. పైకి చూసీ చూసీ మెడ పట్టేస్తే అమృతాంజనం రాసుకునేవాళ్లం. అదీ లజ్ చర్చి రోడ్డులోనే తయారయ్యేది, దూరం పోనక్కర్లేదు.

నేను కథోలికుణ్ణి కాను. నెల్లూరు వాణ్ణి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి, మద్రాసులోని తెలుగు ఉద్యోగులు పెట్టేబేడా సర్దుకుని కర్నూలుకి బయల్దేరుతుంటే, మా నాన్న ఎదురు దోవన వచ్చి మద్రాసులో దిగాడు. బంధువులు నవ్వారట. ఇళ్లు కట్టే కంట్రాక్టరు దగ్గర గుమాస్తా పని, మైలాపూరులో అద్దె వాటా. తర్వాత నేనూ అదే రొంపిలో దిగి, జుట్టు నెరిసేదాకా ఓవర్సీరు పని చేశాను. అందుకని చర్చికి పోతే నా చూపు ముందు శిలువ మీద కాదు, గోడ మీద పడుతుంది. తప్పయితే ఆ దేవుడే క్షమిస్తాడు. ఆయనా వడ్రంగి ఇంట పెరిగినవాడే కదా.

మైలాపూరు చర్చిల సంగతి చెప్పాలంటే శాంథోం కన్నా ముందు లజ్ దగ్గర ఆగాలి. అక్కడి శిలాఫలకం మీద పోర్చుగీసులో చెక్కిన ఏడాది 1516. కట్టించినవాడు పేద్రో ద అతోగియా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. సముద్రంలో దారి తప్పిన నావికులకి ఒడ్డు మీద ఒక వెలుగు కనిపించిందనీ, దాని వెంటబడి వస్తే అడవి మధ్య ఈ చోట అది మాయమైందనీ, అందుకే ఇక్కడ వెలుగు మాతకి గుడి కట్టారనీ కథ. ఇక్కడి తమిళులు ఇప్పటికీ కాట్టు కోవిల్, అంటే అడవిలో గుడి అంటారు. ఇప్పుడా చుట్టుపక్కల మిగిలిన అడవి మనుషులదే. గుడి చిన్నది. కొస తేలిన ఆర్చీలు, బరోక్ అలంకారం, లోపల పీఠం పైన కప్పు మీద రంగుల బొమ్మలు. పెద్ద చర్చిలు చూసి వచ్చినవాళ్లు దీన్ని ఇంతేనా అంటారు. ఇంతేరా అబ్బాయీ, కానీ అక్బరు పుట్టక ముందు నాటి ఇంతే.

ఆ వీధిలో మన తెలుగువాళ్లకీ ఒక పీట ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ బంగళా అక్కడే ఉండేది. 1937 నవంబరు 16న కోస్తావాళ్లూ రాయలసీమవాళ్లూ కూర్చుని ఒడంబడిక రాసుకున్నది ఆ ఇంట్లోనే. లజ్ చర్చి రోడ్డు మీద పంతులు గారి పేరుతో పార్కు ఇప్పటికీ ఉంది. పొద్దున్నే అందులో గుండ్రంగా తిరిగేవాళ్లని ఆ పేరు ఎవరిదని అడిగి చూడండి. గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు.

ఇక శాంథోం. క్రీస్తు శిష్యుడు పునీత తోమా క్రీ.శ. 52లో కేరళ తీరాన దిగాడనీ, 72లో ఇప్పటి సెయింట్ థామస్ మౌంట్ మీద ఈటెపోటుకి చనిపోతే తెచ్చి ఈ సముద్రం ఒడ్డున పాతిపెట్టారనీ నమ్మకం. నమ్మకాన్ని నమ్మేవాళ్లకి వదిలేద్దాం. 13వ శతాబ్దం చివర్లో ఈ దేశం వచ్చిన మార్కోపోలో మాత్రం ఈ సమాధి గురించి రాశాడు. యాత్రికులు ఇక్కడి ఎర్రమట్టి తీసుకెళ్లి, జ్వరం వచ్చినవాళ్లకి నీళ్లలో కలిపి తాగించేవారట. 1523లో పోర్చుగీసువాళ్లు పాడుబడ్డ మందిరాన్ని బాగుచేసి చర్చి కట్టుకున్నారు. 1545లో ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాడు. ఆయన మోకరించాడని చెప్పే మైలాపూరు మాత విగ్రహం, మూడడుగులది, పోర్చుగల్ నుంచి ఓడలో వచ్చింది, ఈనాటికీ ఉంది. 1606లో మైలాపూరు మేత్రాసనం ఏర్పడి ఈ చర్చి కెథడ్రల్ అయింది. ఇంగ్లీషువాళ్లు దామెర్ల నాయకుల దగ్గర చెన్నపట్నానికి చోటు పుచ్చుకున్నది 1639లో. మద్రాసు పుట్టేసరికి శాంథోం వందేళ్లు దాటిన ముసలమ్మ అన్నమాట. టూరిస్టు బస్సులో మైకు పట్టుకున్న పిల్లాడు దీన్ని "బ్రిటిష్ చర్చ్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే బస్సు ఎక్కి మైకు లాక్కోవాలనిపిస్తుంది.

ఆ ముసలమ్మ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 1662లో గోల్కొండ సైన్యం వచ్చి ఊరు పట్టుకుంది. పదేళ్లకి ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. 1674లో డచ్చివాళ్లతో కలిసి గోల్కొండ వాళ్లు మళ్లీ రాబట్టుకుని, ఇంకెవడూ ఇక్కడ కాలూనకుండా కోటగోడలు పడగొట్టించారు. 1749లో ఇంగ్లీషువాళ్లు. ఊరు ఎవడి చేతికి పోయినా, మేత్రాసనం మీద మాట మాత్రం పోర్చుగల్ రాజుదే. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో మద్రాసు, మైలాపూరు కలిపి ఒకే అగ్రపీఠం చేసేదాకా ఆ వాసన పోలేదు.

ఇప్పుడు మనం చూసే కట్టడం అదేదీ కాదు. 1893లో బిషప్ రీడ్ ద సిల్వ ఆ పోర్చుగీసు చర్చిని కూల్పించి, కొత్తది మొదలుపెట్టించాడు. ప్లాను గీసింది కెప్టెన్ జె.ఎ. పవర్ అనే ఇంజనీరు. 1896 ఏప్రిల్ 1న ప్రతిష్ఠ. మూడేళ్లలో శిలువ ఆకారపు చర్చి, నూట యాభై అయిదు అడుగుల గంటల శిఖరం, సమాధి ఉన్న తావుని బయటికి చూపించడానికి నడిమధ్య ఇంకో చిన్న శిఖరం. క్రేన్లు లేవు, రెడీమిక్స్ లారీలు లేవు. మా వీధి చివర మురిక్కాలవ మీద పలకలు వేయడం మూడేళ్ల నుంచీ సాగుతోంది, ఇంకా అయిపోలేదు.

ఆ చర్చి గోథిక్ పద్ధతిది. నాకు ఆ పేరు మేస్త్రీల దగ్గర తెలియలేదు, ఆర్కిటెక్చర్ చదివే మా మనవడు చెప్పాడు. మేస్త్రీలు కొస ఆర్చీ అనేవాళ్లు. అర్ధచంద్రంలా ఉండే ఆర్చీ పైబరువుని పక్కలకి తోస్తుంది, గోడ విచ్చుకోవాలని చూస్తుంది. అందుకని గోడ లావుగా కట్టాలి. ఆర్చీని రెండు వైపుల నుంచీ పైకి లాగి కొస తేలిస్తే బరువు ఎక్కువభాగం కిందికి దిగుతుంది, తోపు తగ్గుతుంది. అప్పుడు గోడ ఎత్తుకి పోవచ్చు, కిటికీ పెద్దది పెట్టొచ్చు. మబ్బు పట్టిన దేశాల్లో గుక్కెడు వెలుగు కోసం ఏడ్చినవాళ్ల ఆలోచన అది. మద్రాసులో వెలుగుకి ఏం కరువు? ఇక్కడ అంత కిటికీకి మామూలు అద్దం పెడితే లోపలున్నవాళ్లు మాడిపోతారు. రంగుటద్దాలు ఇక్కడ బొమ్మల కోసమే కాదు, ఎండని అదుపులో పెట్టడానికీ పనికొచ్చాయి. ఆ అద్దాలు జర్మనీలో మ్యూనిక్ నుంచి వచ్చినవి. పీఠం వెనక కిటికీలో అనుమానం తోమా క్రీస్తు గాయం మీద చెయ్యి పెట్టి చూసే బొమ్మ. నాకు ఆ పన్నెండు మందిలోనూ నచ్చినవాడు ఆయనే. మెజర్‌మెంటు బుక్కు రాసినవాణ్ణి, ముట్టుకుని చూడందే నేనూ ఏదీ ఒప్పుకోను.

సున్నం సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఆ కాలం మద్రాసు కట్టడం ఏదైనా సరే, సిమెంటు కాదు, సున్నం. అందులోనూ గుల్ల సున్నం. పులికాట్ వైపు నుంచి గుల్లలు బళ్ల మీద వచ్చేవి. బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి, ఇసకతో కలిపి గానుగలో వేసేవాళ్లు. గుండ్రటి రాతి కాలవ, అందులో రాతి చక్రం, చక్రానికి ఎద్దు. నేను పనిలో చేరేనాటికి సిమెంటు రాజ్యమేలుతోంది కానీ, పాత బంగళాల మరమ్మతులకి గానుగ ఇంకా తిరిగేది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. మా మేస్త్రి తాపీ మీద ఇంత ముద్ద తీసుకుని, తాపీ తలకిందులు చేసి పట్టుకునేవాడు. జారి పడితే గానుగ ఇంకో పూట తిరగాలి. కంట్రాక్టరు వచ్చి అరిచినా సరే, ముద్ద జారినంతసేపూ ఆయన గోడ ముట్టేవాడు కాదు.

చివరి పూతకి ఇంకా తతంగం. జల్లించిన సున్నాన్ని ఆడవాళ్లు రాతి మీద నూరేవాళ్లు. అందులో కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు. పూత ఆరకముందే నున్నటి రాయితో రుద్దడం మొదలు. రుద్దేకొద్దీ గోడకి చెమట పడుతుంది, అవును, అదే మాట అనేవాళ్లు. ఆ చెమటని గుడ్డతో ఒత్తి, బలపం పొడి చల్లి, మళ్లీ రుద్దడం. మా మేస్త్రి అలా ఒక బంగళా హాల్లో బెత్తెడు జాగా రుద్దుతుంటే పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి గోడలో లాంతరు కనిపించింది. తర్వాత లాంతరు పట్టుకున్న నా చెయ్యీ కనిపించింది. పాలరాయి కాదు, గుల్ల! దొరలు సముద్రం దాటి పోయి మద్రాసు చునామ్ అని చెప్పుకున్నది దీన్నే.

ఇప్పుడు? పాత గోడ పెచ్చులూడింది అంటే చాలు, ఇంజనీరు గారు రావడం, సిమెంటుతో పూయించడం, దాని మీద ప్లాస్టిక్ పెయింటు కొట్టించడం. ఇదే పని ఒక పాత చర్చికి జరగడం నా కళ్లారా చూశాను. ఊరూ పేరూ చెప్పను. సున్నపు గోడ గాలి పీల్చే గోడ. నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, సముద్రం గాలిలో ఉప్పు ఉంటుంది, రెండూ లోపలికి వస్తాయి, మళ్లీ పైపూతలోంచి బయటికి పోతాయి. పోయేటప్పుడు పైపూతని కాస్త తింటాయి. తిననీ. అందుకే కదా ఏటా పండగ ముందు వెల్ల వేసేది. వెల్ల పోతే వెల్ల వేసుకోవచ్చు, ఇటుక పోతే ఇటుక ఎక్కణ్ణుంచి తెస్తారు? సిమెంటు, ప్లాస్టిక్ రంగు ఆ దారి మూసేస్తాయి. చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తుంది. నేను చూసిన చర్చికి రెండు వానాకాలాల్లో రంగు బుడగలు లేచింది. గోరుతో గిల్లితే పెచ్చు, పెచ్చు వెనక ఎర్రటి పొడి. అప్పుడు ఏం చేశారనుకున్నారు? ఇంకా మందంగా సిమెంటు పూశారు. నేను నోరు తెరిస్తే, "పెద్దాయనా, ఇది వాటర్‌ప్రూఫ్" అన్నాడు కంట్రాక్టరు. వాటరు బయట ఉన్నప్పుడు కదయ్యా ప్రూఫు!

ఇదంతా విని మా మనవడు ఒకరోజు నన్ను బాగానే ఇరికించాడు. "తాతయ్యా, నువ్వు పాతది పాతది అంటున్నావు. 1893లో వాళ్లు మాత్రం చేసిందేమిటి? మూడొందల డెబ్భై ఏళ్ల చర్చి కూలగొట్టి, అప్పటి ఫ్యాషన్ ప్రకారం కొత్తది కట్టుకున్నారు. ఆ రోజున నువ్వు ఉంటే శాంథోం గేటు దగ్గర నిలబడి తిట్టేవాడివి."

నిజమే, తిట్టేవాణ్ణే. జేవియర్ నడిచిన నేల తవ్వేస్తున్నారని ఒక ముసలాడు మైలాపూరు వీధుల్లో గొణుక్కుంటూ తిరిగే ఉంటాడు. వాడి గొణుగుడు ఎవరూ రాసిపెట్టలేదు. నేను వాడి పక్షమే. అయితే వాడికీ నాకూ ఒక తేడా ఉంది. వాడి దగ్గర లాక్కున్నవాళ్లు దానికి బదులు శాంథోం ఇచ్చారు. మా దగ్గర లాక్కున్నవాళ్లు ఏం ఇచ్చారు? మద్రాసు టెర్రస్ ఇళ్లు పోయాయి. టేకు దూలాల మీద పల్చటి ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నం పోసి, ఆడకూలీలు వరస కట్టి పాటలు పాడుతూ రోజుల తరబడి చెక్క బద్దలతో కొట్టిన కప్పులవి. మే నెలలో వాటి కింద కూర్చుంటే ఫ్యాను గుర్తొచ్చేది కాదు. వాటి స్థానంలో వచ్చిన ఫ్లాటులోనే నేనూ ఉంటున్నాను. గృహప్రవేశం అయిన మొదటి వానకే మీ అమ్మమ్మ పూజగదిలో బకెట్టు పెట్టింది కదరా అన్నాను. వాడు ఫోను తీసి చూసుకున్నాడు.

సరే, కొత్తగా చేసినవన్నీ చెడ్డవనను. ముందు రోజుల్లో సమాధి చూడాలంటే చర్చి లోపల్నుంచే కిందికి దిగాలి. ఒకపక్క పూజ జరుగుతుంటే ఇంకోపక్క యాత్రికులు చెప్పుల చప్పుడుతో, ఏడ్చే పిల్లల్తో దిగుతూ ఎక్కుతూ ఉండేవాళ్లు. 2000 తర్వాత మరమ్మతులు చేసినప్పుడు సమాధికి బయట్నుంచి వేరే దారి, కింద చిన్న మందిరం ఏర్పాటు చేశారు. తెలివైన పని. ప్రార్థన చేసుకునేవాడికి శాంతి, చూడవచ్చినవాడికి దారి. ఇలాంటివి చేసినప్పుడు నేను మెచ్చుకోనని మా ఇంట్లో ఒక అపవాదు ఉంది, అందుకే రాసిపెడుతున్నాను.

కానీ చప్పుడు మాటేమిటి? నా చిన్నప్పుడు పూజ లాటిన్‌లో. మా వీధిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కథోలిక కుటుంబం ఒకటి ఉండేది, వాళ్ల పిల్లలతో పాటు నేనూ పోయి వెనక నిలబడేవాణ్ణి. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వాళ్లకి అంతకన్నా ఎక్కువ అయిందనీ అనుకోను. అయినా గురువు గొంతు ఎత్తితే చాలు, అది ఆర్చీల్లోకి ఎక్కి, కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా తలల మీదికి దిగేది. అంత ఎత్తు కప్పు వేసింది ఊరికే కాదు. 1960ల్లో వాటికన్ సభ తర్వాత పూజ ఎవరి భాషలో వాళ్లకి వచ్చింది, మంచిదే, మనిషికి తన భాషలో మొర పెట్టుకునే హక్కు ఉంది. భాషతో నాకు పేచీ లేదు, మైకుతోనే. ఏ పాత చర్చికి పోయినా స్తంభానికొక స్పీకరు. మేకు కొట్టి మరీ బిగిస్తారు. స్పీకరు గొంతూ, కప్పు తిప్పి పంపిన గొంతూ గుద్దుకుని, మాట ముద్దయిపోతుంది. ముద్దయింది కదా అని సౌండు పెంచుతారు. ఇంకా ముద్దవుతుంది.

1956లో శాంథోంకి బసిలికా హోదా వచ్చినప్పుడు వీధంతా తోరణాలు కట్టారు. 1986 ఫిబ్రవరిలో పోపు రెండో జాన్ పాల్ వచ్చిన రోజున నేను జనంలో చాలా వెనక ఉన్నాను, ఆయన తెల్ల టోపీ కనిపించిందో, ఇంకెవరి టోపీయో ఇప్పటికీ చెప్పలేను. కానీ శిఖరం కనిపించింది. ఆ రోజుల్లో అది ఎక్కణ్ణుంచైనా కనిపించేది. కట్టుమరాల వాళ్లు సముద్రంలోంచి దాన్ని చూసే తమ రేవు గుర్తుపట్టేవాళ్లమని చెప్పేవారు. ఇప్పుడు చర్చి ఎదురుగా నిలబడితే తప్ప, రెండు సందుల అవతల నుంచి మూడు నీళ్ల ట్యాంకులూ, ఒక హోర్డింగూ, సెల్ టవరూ కనిపిస్తాయి.

మా మనవడికి కాలేజీలో ఏదైనా పాత కట్టడం కొలిచి గీయమని పని ఇచ్చారు. వాడు లజ్ చర్చి ఎంచుకున్నాడు, ఆ మాత్రం బుద్ధి ఉంది. ఎర్రటి లైటు కొట్టే పెట్టె ఒకటి పట్టుకుపోయి, పావుగంటలో కొలతలన్నీ అయిపోయాయని వచ్చాడు. పొడవు చెప్పాడు, వెడల్పు చెప్పాడు, ఎత్తు దశాంశాలతో సహా చెప్పాడు. గోడ మందం ఎంతరా అన్నాను. తెల్లమొహం వేశాడు. పెట్టె లోపలి నుంచి లోపలికే కొలుస్తుందట. కిటికీ దగ్గర టేపు పెట్టి, లోపలి అంచు నుంచి బయటి అంచుకి చూడాలిరా, ఓవర్సీరు మొదటిరోజు నేర్చుకునే పని అది అన్నాను. మళ్లీ వెళ్లాలా తాతయ్యా అని నీరసపడ్డాడు. వెళ్లమన్నాను. బీరువా అడుగు నుంచి నా పాత గుడ్డ టేపు తీసిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో అడుగులే ఉన్నాయి, మీటర్లు లేవే అన్నాడు.

కట్టినవాళ్ల దగ్గర మాత్రం మీటరుందా?